ముప్పై ఒకటో పేజీ కాడ

దేవరకొండల తహసీల్ ఆఫీసు ఎదురుంగ
నాది జిరాక్సు దుకాణం.
ఆధార్ కాపీ రెండు రూపాయలు
పాసుబుక్కు మొత్తం పది
నేను రాసిన పుస్తకం నూటయాభై.

అయిదు వందలు అచ్చేపిచ్చిన.
నల్లగొండల సభ వెట్టిన్రు, శాలువ కప్పిన్రు.
మైకు వట్టుకున్న పెద్దమనిషి
నా పుస్తకం గురించి నలభై నిమిషాలు మాట్లాడి
పోయేటప్పుడు దాన్నే కుర్చీల మర్శిపోయిండు.
మిగిలిన కట్టలు మిషిను కింద వెట్టిన.
ఎత్తు మంచిగ కుదిరింది.

సుట్టాలకు పంచిన.
"బాగుంది బావా" అన్నరు.
ఏం బాగుందో అడిగే ధైర్యం నాకు లేకపాయె.
సగం ధరకే అని అట్టముక్క మీద రాసి వెడితే
ఒకాయన ఆగి,
"సగం పుస్తకం గిట్ట ఇస్తవా, పటేలా?" అన్నడు.

దుకాణంల పనిజేసే పోరడు జాంగీరు
పెన్ను ఎవరన్న కొంచవోతరని
దారం గట్టి ఏలాడదీసిండు.
మిగిలిన దారంతోని
నా పుస్తకానికి మూలకు బొక్కవొడిచి పక్కనే గట్టిండు.
"దీన్నెవలు ఎత్కపోతర్రా" అన్న.
"ఎత్కపోకున్నా, కింద వడకుంట ఉంటది గద" అన్నడు.

ఎండకాలం. కరెంటు ఎప్పుడు పోతదో ఎరుకలేదు.
లైన్ల నిలవడ్డోళ్ల చేతులు ఉత్తగ ఉండయి.
రిజిస్ట్రేషన్ల ముద్ర వెట్టొచ్చిన బొటనవేళ్లు
పేజీలు తిప్పినయి.
అంచుల మీద నీలం మరకలు.

నెల దినాలకు లెక్కవెట్టిన.
తొమ్మిదో పేజీకి ఏడు,
పద్దెనిమిదికి పదకొండు, బర్రె తప్పిపోయేది ఆడనే.
ఇరవై నాలుగుల జర పసుపు గూడ అంటింది.
ముప్పై ఒకటి కాడికొచ్చి
అన్ని వేళ్లు ఆగిపోయినయి.
ఆ తర్వాత కాయితం తెల్లగ,
ఎవ్వలు నడువని బాట లెక్క.

ఏమున్నది ఆడ?
చంద్రుడున్నడు.
నాలుగు పేజీలు చంద్రున్ని వట్టుకొని ఏలాడిన నేను.
సభల పెద్దమనిషి మెచ్చుకున్నది
గా నాలుగు పేజీలనే.

చందంపేట దిక్కు తండా నుంచి కేతావత్ సోమ్లి,
మనుమరాలు సదివితే నిలవడి విన్నదట.
పాసుబుక్కు చేతికిచ్చుకుంట అడిగింది:
"ఆ బర్రె దొరికిందా సారూ?"
"ముందట ఉన్నది, సదివిచ్చుకో."
"ముందట చంద్రుడున్నడు. మా తండాల గూడ ఉన్నడు.
నువ్వు బర్రె ముచ్చట జెప్పు."

చెప్పిన. వాగు కాడ దొరికిందని.
తల అడ్డంగ ఊపింది.
"దూడ సచ్చిన బర్రె నీళ్లకు పోదు.
దూడను పాతిన కాడికి పోతది."
కాపీలు మలిచి కొంగున ముడేసుకొని
బస్సుకు ఉరికింది.

ఆ రాత్రి షట్టరు సగం దించి
బర్రెను బీడు దిక్కు మళ్లిచ్చిన.
నాలుగు పేజీల కాడ రెండే అయినయి.
చంద్రుడు ఒక్క ముక్కల మిగిలిండు,
అది గూడ కొమ్ముల నడుమ కనవడ్డడని.
కొత్తయి జిరాక్సు దీసి
ఒక్కో పుస్తకంల పాతయి మీద మైదాతోని అతికిచ్చిన,
ఎక్కువైన కాయితం చింపిన.
ముప్పై రెండు తర్వాత ముప్పై ఐదు.
ఇప్పటిదాంక ఒక్కలు అడుగలే.

మరకలు యాభై దాటినయి.
పనిలేకున్నా ఒకరిద్దరు వస్తున్నరు,
పెన్ను వట్టుకున్నట్టు జేసి పుస్తకం తిప్పుతున్నరు.
నేను ఇటు మొకం వెట్టుకొని
ఖాళీ మిషిను తుడుస్త.

మొన్న శనివారం అన్నం దిని వచ్చెటాల్లకు
దారం ఊగుతున్నది.
పెన్ను ఉన్నది.
పుస్తకం లేదు.

"వాని చేతులిరుగ!" అని జాంగీరు ఎత్తుకున్నడు.
నేను కింద కూసోని
కట్ట ఇప్పి ఇంకోటి గుంజిన.

మిషిను ఒక దిక్కు ఒరిగింది.